రాళ్ళు లేని పంతొమ్మిది సమాధులు

నేను ఒక మెథడిస్టు గుడి గంటను. సముద్రం మీద ఓడలో, ఆపైన ఎడ్లబండిలో రేగడిదొడ్డికి వచ్చాను. గుడి ముందు రెండు రాతి స్తంభాల మధ్య నన్ను వేలాడదీశారు. ఎదురుగా సమాధుల దొడ్డి. ఆదివారం నేనెంత పిలిచినా సగంమంది పొలాలకే పోయేవారు. చావు గంట కొడితే మాత్రం పనులు వదిలేసి ఊరంతా వచ్చేది.

నన్ను మోగించేది దేవదానం. ఊరికి గత్తర, అదే కలరా, సోకిన ఏడాది రెండు వారాల్లో పంతొమ్మిది మంది పోయారు. ఆ మోతకే మంచాన పడ్డవాళ్ళ ధైర్యం జారిపోతోందని పాస్టరుగారు మొదట్లోనే గంట ఆపించారు. తొమ్మిదో చావు దేవదానం కూతురు, ఆరేళ్ళ సలోమిది. ఆ పిల్లకూ నేను మోగలేదు. రాళ్ళు చెక్కించే ఓపిక ఎవరికీ లేక పడమటి మూల మట్టిదిబ్బలే మిగిలాయి. రెండు వానలకు అవీ నేలలో కలిసిపోయాయి.

ఆ తర్వాత సాయంత్రం ప్రార్థన ముగిసి అందరూ వెళ్ళాక, దేవదానం నా తాడు పట్టుకొని ఆ మూలకేసి చూస్తూ నిలబడేవాడు. లాగేవాడు కాదు. అతని చేతి వణుకు తాడు వెంట పాకి నా నాలుకను కదిపేది. చిన్న గొణుగుడు లేచేది. సలోమి పిలుస్తోందంటూ దగ్గరి ఇళ్ళవాళ్ళు తలుపులు వేసుకునేవారు. అతని భార్య రాహేలమ్మ మాత్రం తలుపు తీసి గడపలో కూర్చునేది.

దేవదానం పోయిన చాలా ఏళ్ళకు రోడ్డు వెడల్పు చేయాలని కొలతలు వేశారు. పడమటి మూలను ఖాళీ జాగా అని రాసుకున్నారు. సమాధులున్నాయని సంఘపెద్దలంటే, రాళ్ళేవని అధికారి అడిగాడు. అప్పుడు డెబ్బై దాటిన రాహేలమ్మ చాటలో సున్నం తెచ్చి గడ్డిలోకి దిగింది. ఒక్కొక్కరి పేరు చెబుతూ, తల ఎటో కాళ్ళెటో చూపిస్తూ గీతలు గీసింది. చివరి గీత దగ్గర కూలబడింది.

“ఈడ నా బిడ్డున్నది సారూ. మెల్లగ తవ్వుండ్రి.”

ఆమె గీసిన ప్రతిచోటా ఎముకలు దొరికాయి. అధికారి చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు.

అందరినీ గుడి వెనక మళ్ళీ పాతిపెట్టి, పేర్లతో రాళ్ళు నాటారు. ఆనాడు చేయని మర్యాద ఇప్పుడైనా చేద్దామని కొత్త పాస్టరు నా తాడు అందుకున్నాడు. రాహేలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“వద్దయ్యా. ఇన్నేండ్లకు కదిలించి తెచ్చినం. ఇగ పండుకోనియ్యి.”

అతను తాడు వదిలేశాడు. అంతలో గాలి లేచింది. ఆమె నా కిందికి వచ్చి, చెయ్యి పైకి చాచి, నా నాలుకను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. గాలి తగ్గేదాకా వదల్లేదు.