గడ్డి డాక్టరు

ఎసెన్‌కుల్ డాక్టరేం కాదు. సైన్యంలో స్ట్రెచర్లు మోశాడు, గాయాలకు కట్లు కట్టాడు, అంతే. కానీ యూనిఫారంతో నరిన్ లోయలోని సొంతూళ్లో బస్సు దిగిన రోజున ఎవరో "మన డాక్టరొచ్చాడు" అన్నారు. కాదనడానికి నోరు రాలేదు. ఆ రాని నోరే ఇరవై ఏళ్లుగా ఊళ్లో ప్రతి విందులోనూ మంచి ముక్కలు తింటోంది.

దానికి తోడు అతని పొలమంతా పశువుల మేతకు వేసే లూసర్న్ గడ్డి. బడిపంతులు తుర్దుబెక్ ఒకసారి విత్తనాల బస్తా మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి పగలబడి నవ్వాడు. "మెడిక్ అంటే సైన్యంలో వైద్యుడే అనుకున్నాను. ఈ గడ్డి జాతికీ అదే పేరటర్రా! ఇద్దరూ మన ఊళ్లోనే దొరికారు."

అప్పట్నుంచి అతను గడ్డి డాక్టరు. మనిషికి జ్వరమొచ్చినా, గొర్రె కుంటినా అతని గుమ్మమే ఎక్కేవారు. తెలిసింది మామూలుగా చెప్పేవాడు, తెలియంది గంభీరంగా చెప్పేవాడు.

ఆ వేసవిలో మగవాళ్లంతా మందల్ని తోలుకుని కొండ మీది పచ్చికకు వెళ్లారు. మోకాలి నొప్పని ఎసెన్‌కుల్ ఒక్కడే ఊళ్లో ఉండిపోయాడు. ఒక పొద్దున పక్కింటి బురుల్చా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఉన్నది ఒక్క ఆవు, దాని పాలతోనే బతుకు.

"తమ్ముడూ, తాడు తెంపుకుని నీ గడ్డిలో పడింది! మంచు తడి ఆరకుండానే మేసేసింది. పొట్ట చూడు, డోలైపోయింది!"

ఆవు కాళ్లు ఎడంగా పెట్టుకుని రొప్పుతోంది. ఎడమ డొక్క వెన్నెముక కన్నా ఎత్తుకు లేచింది. ఏం చేయాలో ఎసెన్‌కుల్‌కు తెలుసు. అక్కడ కత్తి దించితే గాలి పోతుంది, అదృష్టముంటే ఆవు బతుకుతుంది. లేదంటే ప్రాణం ఉండగానే బిస్మిల్లా అని గొంతు కోసేయాలి, మాంసమైనా హలాల్ అవుతుంది. జేబులోంచి కత్తి తీశాడు కూడా. అప్పుడు పుట్టింది పాడు ఆలోచన. పొడిచాక చస్తే డాక్టరే చంపాడంటారు. కోసేస్తే డాక్టరుకు చేతకాలేదంటారు.

"తగ్గుతుందక్కా. కాస్త నూనె పట్టి నడిపించు."

"కోసేద్దామా తమ్ముడూ? చేయి దాటిపోతే మాంసం కూడా దక్కదు."

"నేను చెబుతున్నానుగా!"

పాపం, నడిపించింది. వాకిలి దాటేలోపే ఆవు కూలింది. ఎసెన్‌కుల్ కత్తి పట్టుకుని పరిగెత్తేసరికి కళ్లు తేలేసింది. చచ్చినదాన్ని ఎవరు తింటారు? గొయ్యి తీసి పూడ్చారు.

మట్టి కప్పుతూ బురుల్చా, "నీ గడ్డి పాడుచేసింది, ఏమనుకోకు తమ్ముడూ" అంది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ గోతిలోనే తననూ పూడ్చేస్తే బాగుండుననిపించింది. అయినా నోరు విప్పలేదు.

ఆకులు రాలే రోజులకి మగవాళ్లు కొండ దిగారు. తుర్దుబెక్ ఇంట్లో విందు. బురుల్చా సాయానికొచ్చి టీ పోస్తోంది, అందరికీ గిన్నెలో సగమే. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే ఇక లేవమని.

విందులో అందరికన్నా గౌరవమైన మనిషికే పెట్టే ఉడికించిన గొర్రె తలకాయను పంతులు తెచ్చి ఎసెన్‌కుల్ ముందు పెట్టాడు. "మేము లేనప్పుడు ఊరికి నువ్వే దిక్కయ్యావు. బురుల్చా అక్క ఆవు పోయినా, ఆఖరిదాకా నిలబడ్డావట. ఊఁ, ఆనవాయితీ ప్రకారం చెవి కోసి పిల్లలకివ్వు."

కత్తి చేతికిచ్చాడు. పిల్లలు చేతులు చాచారు. ఎసెన్‌కుల్ చేయి లేవలేదు. ఆ రోజూ ఇంతే, సరిగ్గా ఇదే చేయి.

"నాకొద్దు" అన్నాడు. "నేను డాక్టర్ని కాను. స్ట్రెచర్లు మోసేవాణ్ణి. కత్తి చేతిలో ఉండి కూడా, పేరు పోతుందని ఆ ఆవును చావనిచ్చాను."

బురుల్చా టీ పోస్తూనే ఉంది, తలెత్తలేదు.

"డాక్టరువి కాదని నాకెప్పుడో తెలుసు. మా ఆయన నీ పటాలంలోనేగా పనిచేసింది, నవ్వుతూ చెప్పేవాడు. ఆ పొద్దున నేను డాక్టరు కోసం రాలేదు తమ్ముడూ. ఊళ్లో కత్తి పట్టే మగాడు నువ్వొక్కడివే ఉన్నావని వచ్చాను."

గిన్నె అతని ముందు పెట్టింది. అది అంచుదాకా నిండి ఉంది.