రోజుకో పొరపాటు

ఆ పత్రికలో పొరపాట్లు చేసినందుకు జీతం తీసుకునే మనిషి ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళంతా ఊరికే చేసేవారు.

ఆఫీసులో అతన్ని పొరపాట్లాయన అనేవారు. మూడో అంతస్తులో కిటికీ పక్కన అతని బల్ల. కిటికీలోంచి చూస్తే రేవులో క్రేన్లు, వాటి వెనక బారులు తీరిన ఓడలు కనిపించేవి. ఉప్పుగాలికి బందులు తుప్పుపట్టి ఆ కిటికీ తెరిస్తే మూసుకునేది కాదు, మూస్తే తెరుచుకునేది కాదు. ఏసీ నుంచి కారే నీళ్ళ కోసం బల్ల పక్కన ఒక బకెట్టు ఉండేది. అది నిండితే పారబోయడం కూడా అతని పనే. ఆఫీసులో అందరికంటే తీరిక ఉన్నవాడు అతనేనని అందరూ కలిసి తీర్మానించేశారు.

ఏడేళ్ళ క్రితం సంపాదకుడు ఏదో పెద్ద సదస్సుకి వెళ్ళొచ్చాడు. నిఖార్సయిన పత్రికలు తమ తప్పుల్ని తామే ఒప్పుకుంటాయని అక్కడెవరో చెప్పారట. తిరిగొచ్చిన మర్నాడే రెండో పేజీ కింది మూలలో "మా పొరపాటు" అనే శీర్షిక మొదలైంది. బట్టల సబ్బు కంపెనీ ఒకటి ఎగిరి గంతేసి, ఆ మూల చుట్టూ నురగ బొమ్మలు వేయించుకుని, "మరక పడిందా? ఉతికేద్దాం!" అని కింద రాయించుకుంది. రోజూ రావాలి, ఒక్క రోజు కూడా తప్పకూడదు అని ఒప్పందం.

మొదటి వారం, పాపం, నిజం పొరపాట్లే దిద్దారు. ఆ వారం ఆఫీసు అట్టుడికినట్టు ఉడికిపోయింది. ప్రారంభమైందని రాసిన వంతెన ఇంకా కట్టనేలేదని దిద్దితే కాంట్రాక్టరు వచ్చి సంపాదకుడి గదిలో బైఠాయించాడు. సభకి పదివేలమంది కాదు, నాలుగొందలమంది వచ్చారని దిద్దితే నాయకుడి బావమరిది ఫోన్లో నానా మాటలూ అన్నాడు. తప్పు రాసినన్నాళ్ళూ నోరు మెదపనివాళ్ళు ఒప్పు రాసేసరికి మీదపడ్డారు. అప్పుడు ప్రకటనల మేనేజరు దారి చూపించాడు. ఎవరికీ తగలని చిన్న పొరపాటు రోజుకొకటి మనమే చేద్దాం, మర్నాడు మనమే దిద్దుదాం అన్నాడు. సబ్బుకి సబ్బూ ఉంటుంది, నిజాయితీకి నిజాయితీ ఉంటుంది.

అలా పుట్టింది ఆ ఉద్యోగం. సోమవారం స్థలం తప్పు, మంగళవారం అంకె తప్పు, బుధవారం రంగు తప్పు. ఏ రోజు ఏ రకం తప్పో ఒక నీలం ఫారంలో రాసి, మేనేజరు సంతకంతో గోడకి అంటించి ఉండేది. నియమాలు మూడు. ఎవరి పరువూ పోకూడదు. ప్రకటనలిచ్చేవాళ్ళ ఊసు రాకూడదు. దిద్దుబాటు ఐదు వాక్యాలు దాటకూడదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలం పన్నెండు మీటర్లు కాదు, పదకొండు. పందెంలో గెలిచిన పడవ ఎర్రది కాదు, పచ్చది. తిమింగలం ఎటూ చచ్చింది, పడవకి నోరు లేదు. మా అంత నిక్కచ్చి పత్రిక ఇంకోటి లేదని సంపాదకుడు ప్రతి సదస్సులోనూ చెప్పుకుని మురిసిపోయేవాడు.

నిజం పొరపాట్లు మాత్రం లీగల్ విభాగానికి వెళ్ళేవి. ఒకసారి బతికున్న పెద్దమనిషి ఫొటో సంతాపాల పేజీలో పడింది. ఆయన స్వయంగా మూడంతస్తులూ ఎక్కొచ్చి, ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డాడు. లీగల్ వాళ్ళు మంచినీళ్ళిచ్చి, బతికున్నట్టు ధ్రువపత్రం పట్టుకురమ్మన్నారు. పట్టుకొచ్చేసరికి వార్త పాతబడిపోయిందన్నారు. ఆ రోజు మూలలో వచ్చింది పడవ రంగే.

ఇదంతా పొరపాట్లాయనకి తప్పనిపించలేదా అంటే, మొదట్లో అనిపించింది. తర్వాత్తర్వాత పనితనం మీద మోజు పుట్టింది. వార్త చెడకుండా, మనిషి నొచ్చుకోకుండా, మర్నాడు దిద్దడానికి వీలుగా ఒక్క మాట మార్చడం అంటే మాటలా మరి! ఊళ్ళో ఏ వీధిలో ఏముందో అతనికి కంఠతా వచ్చు. కాకపోతే అదంతా కాగితం మీద నేర్చుకున్నదే. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, గదికీ ఆఫీసుకీ మధ్య ఉన్న రెండు వీధులు తప్ప కాలు పెట్టి ఎరగడు.

ఆ సోమవారం సాయంత్రం ఒక వార్త వచ్చింది. గడియారం స్తంభానికి ఎదురుగా ఉన్న బేకరీలో అధికారులు తనిఖీ చేశారు. పిండిలో బొద్దింకలు దొరికాయి. కొట్టు మూయించారు. నీలం ఫారం ప్రకారం ఆ రోజు స్థలం వంతు. పొరపాట్లాయన "ఎదురుగా" కొట్టేసి "పక్కన" అని పెట్టాడు. స్తంభం పక్కన ఎప్పుడో మూతపడ్డ సైకిళ్ళ కొట్టు తప్ప ఏమీ లేదని అతని లెక్క. లేని బేకరీకి పోయే పరువేముంది? ఇంత నిరపాయమైన తప్పు ఈ ఏడాదిలో చేయలేదని తనని తానే మెచ్చుకుని ఇంటికి పోయాడు.

మంగళవారం పదకొండు గంటలకి అక్క ఆఫీసుకి వచ్చింది.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. బావతో కలిసి, అతనికి తెలిసినంతవరకు, చేపల మార్కెట్టు వెనక సందులో బేకరీ నడుపుతోంది. ఎప్పుడూ ఆఫీసు గడప తొక్కని మనిషి ఇప్పుడు జుట్టుకి పిండి అంటుకుని, చేతిలో పత్రిక నలిపి పట్టుకుని నిలబడింది.

"ఇది చూశావట్రా? మా కొట్టు మూయించారంట! బొద్దింకలంట!"

"మీ కొట్టేంటక్కా? ఇది గడియారం స్తంభం దగ్గర కదా."

"మేం ఉన్నది అక్కడేగా! సైకిళ్ళ కొట్టు తీసుకున్నామని చెప్పలేదూ? నలభై రోజులైంది మారి. రమ్మని మూడుసార్లు ఫోన్ చేస్తే ఊఁ ఊఁ అన్నావు."

పొరపాట్లాయనకి ఆ మూడు ఫోన్లూ గుర్తొచ్చాయి. మూడుసార్లూ ఏదో ఒక తప్పు పెట్టే పనిలో ఉండి ఊఁ కొట్టిన సంగతీ గుర్తొచ్చింది.

"పొద్దున్నించి ఒక్కడు గుమ్మం ఎక్కలేదురా. హాస్టలు వాళ్ళు రోజూ రెండొందల బన్నులు తీసుకునేవాళ్ళు, ఇక వద్దన్నారు. వాళ్ళు పోతే ఇంక కొట్టు ఎత్తేయడమే. మీ బావ పొయ్యి ఆర్పేసి దాని ముందే కూర్చున్నాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవడో కళ్ళు నెత్తిన పెట్టుకుని రాశాడు వెధవ. వాడి చేతులు పడిపోను! నువ్వు దిద్దుతావుగా? అదేగా నీ పని?"

"దిద్దుతానక్కా," అన్నాడు. ఆ వెధవ ఎవరో చెప్పడానికి నోరు రాలేదు.

"నువ్వున్నావన్న ధైర్యంతోనే వచ్చాను," అని అతని భుజం తట్టి వెళ్ళిపోయింది.

మామూలుగా అయితే ఆ దిద్దుబాటు మర్నాడు దానంతటదే రావాలి. పొరపాట్లాయన దాన్ని రాసి పట్టుకెళ్ళేసరికి ప్రకటనల మేనేజరు ఫోన్ పెట్టేస్తూ నవ్వుతున్నాడు.

"నీకు నూరేళ్ళాయుష్షు. నీ గురించే మాట్లాడుతున్నాం. ఆ ఎదురు బేకరీ ఎవరిదనుకున్నావ్? ఊళ్ళో పదకొండు కొట్లున్నాయి ఆయనకి. ప్రతి ఆదివారం మనకి సగం పేజీ ప్రకటన. నువ్వు 'పక్కన' అని వేసి ఆయన ప్రాణం నిలబెట్టావయ్యా! గుమ్మానికి రంగులేసే నిచ్చెన ఆనించి, మరమ్మతులని బోర్డు పెట్టేసుకున్నాడు. ఈ దిద్దుబాటు వద్దు. పాత తిమింగలం ఏదైనా ఉంటే వేసెయ్."

"సార్, పక్కన నిజంగానే ఒక బేకరీ ఉందండి."

"ఉంటే? మనకి ప్రకటన ఇస్తుందా?"

"మా అక్కదండి."

మేనేజరు నవ్వు ఆపాడు. నిజంగానే బాధపడ్డాడు, అందులో సందేహం లేదు. "అయ్యో, ముందే చెప్పొద్దూ? ఓ పని చెయ్. మీ అక్కని చిన్న ప్రకటన ఇమ్మను. అప్పుడామె కూడా మన మనిషే. ఇద్దరి ఊసూ ఎత్తం."

సంపాదకుడి దగ్గరికి వెళితే, ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "చూడు నాయనా, ఇది నిజం పొరపాటు అయిపోయింది. నిజం పొరపాట్లు ఆ శీర్షికలో వేయం కదా. లీగల్‌కి పంపు."

లీగల్ విభాగం ఏమంటుందో తెలుసుకోవడానికి అతను అటు వెళ్ళలేదు. బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. బకెట్టు నిండి నీళ్ళు చెప్పులకి తగులుతున్నా లేవలేదు. ఉద్యోగం పోతే ఇంకెక్కడా దొరకదని తెలుసు. తప్పులు చేయడంలో ఏడేళ్ళ అనుభవం ఉందని ఎవరికి చెప్పుకుంటాడు? భయమేసింది, బాగా భయమేసింది. కానీ ఆ వెధవని అక్క తన ముందే తిట్టి, తన భుజమే తట్టి వెళ్ళింది. అది మింగుడు పడలేదు.

పేజీ సాయంత్రం ఆరింటికి అచ్చుకి వెళ్తుంది. ఆ మూలని ఎవరూ చదవరు గనక ఎవరూ ఆపలేదు.

"గడియారం స్తంభం పక్కనున్న బేకరీని అధికారులు మూయించారని నిన్న రాశాం. అది అబద్ధం. మూయించింది ఎదురుగా ఉన్న బేకరీని. పక్కన అని మార్చింది ఈ శీర్షిక రాసే నేనే, కావాలనే మార్చాను. ఆ బేకరీవాళ్ళు నన్ను క్షమించాలి."

బుధవారం తొమ్మిదిన్నరకల్లా సబ్బు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తమ నురగ బొమ్మ సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి వాళ్ళ మనిషి ఒకడు రోజూ ఆ మూల చూస్తాడు. పదింటికి సంపాదకుడు పొరపాట్లాయనని పిలిచి, రేపట్నించి రావద్దన్నాడు. ఆ పత్రికలో తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు అంతవరకు ఒక్కడూ లేడు. దిద్ది పోగొట్టుకున్నవాడు ఇతనే మొదటివాడు.

బయటికొస్తే విచిత్రంగా ఒళ్ళు తేలికైంది. పత్రిక చంకలో పెట్టుకుని గడియారం స్తంభం దాకా నడిచాడు. అక్క కొట్టు ముందు జనం బారులు తీరి ఉంటారని ఊహించుకుంటూ నడిచాడు, వెర్రిబాగులవాడు.

కొట్టు బాగుంది. గోడలకి కొత్త సున్నం, అద్దాల బీరువాలో వరసగా బన్నులు, రొట్టెలు. మనుషులే లేరు. అక్క గల్లా దగ్గర ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

"వచ్చిందక్కా, చూడు," అని పత్రిక చాపాడు.

"చదివాను," అంది అక్క, అతని వైపు చూడకుండా. "రోజూ చదువుతాను. ఆ తిమింగలాలు, పడవలు అన్నీ చదివాను. నువ్వు రాస్తావని."

పొరపాట్లాయన పత్రిక మడిచి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

"ఊళ్ళో ఇంత చోటుండగా తప్పు రాయడానికి నా కొట్టే దొరికిందా నీకు?"

"ఇక్కడ నీ కొట్టుందని తెలీదక్కా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అదేరా నా ఏడుపు," అంది. "నా కొట్టని తెలిసే రాశావంటే ఓ నాలుగు తిట్టి ఊరుకుందును. తెలీక రాశావు చూడు." ఏడేళ్ళలో అతనికి అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

ఇంతలో బావ హాస్టలు నుంచి తిరిగొచ్చాడు. పత్రిక పట్టుకుని వార్డెను దగ్గరికి వెళ్ళొచ్చాడన్న మాట. చెమట తుడుచుకుంటూ బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అంది అక్క.

"సబ్బు ప్రకటన అనుకున్నాట్ట. నేను వేలు పెట్టి చూపించినా, ఇది ప్రకటనే కదండీ, డబ్బులు కట్టి వేయించారా అన్నాడు."

పొరపాట్లాయన ఉండబట్టలేక వీధిలోకి వెళ్ళాడు. బస్టాపులో గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. కొట్టు వైపు చూసి మొహం తిప్పుకుంటోంది.

"అమ్మా, నిన్న పేపర్లో వచ్చింది తప్పండి. ఈ కొట్టు శుభ్రమైంది. ఆ తప్పు రాసింది నేనే."

"మీరేనా?" ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ కొట్టువాళ్ళకి మీరేమవుతారు?"

ఒక్క అబద్ధం చాలు, ఏమీ కానని అనేస్తే సరిపోయేది. ఏడేళ్ళు అదే పని చేసిన మనిషికి ఆ క్షణంలో అది చేతకాలేదు.

"తమ్ముణ్ణి," అన్నాడు.

"అదీ సంగతి!" అని ఆవిడ గొడుగు భుజం మార్చుకుంది.

పొరపాట్లాయన కొట్టులోకి వచ్చి, బీరువా తెరిచి, రెండు చేతులా బన్నులు తీసుకుని మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. గొడుగావిడకి కనిపించేలా ఒక బన్ను కొరికాడు. అది అయ్యాక రెండోది. దారినపోయే ఇద్దరు ఆగి చూశారు. ఆటోవాడు బండి ఆపి, ఇంజను కూడా ఆపి చూశాడు. మూడోదానికి గొంతు పట్టేసింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, అయినా ఆపలేదు.

"అంత ఆకలేమిటండీ ఆయనకి?" అని ఆటోవాడు కేకేశాడు.

"ఉద్యోగం పోయింది," అన్నాడు బావ లోపల్నించి.

ఆటోవాడు దిగొచ్చి, రెండు బన్నులు పొట్లం కట్టమన్నాడు. బస్టాపులో గొడుగావిడ కదల్లేదు, కానీ వచ్చిన బస్సు ఎక్కకుండా ఇటే చూస్తోంది.

అక్క పొట్లం కట్టి ఇచ్చి, గ్లాసుడు మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తమ్ముడి వీపు మీద గట్టిగానే ఒక్కటి చరిచింది.

"మెల్లగా తినరా. ఇక్కడ నీకేమన్నా అయిందంటే అది కూడా మన కొట్టు మీదే రాస్తారు."

అతను నీళ్ళు తాగి, నాలుగో బన్ను అందుకున్నాడు.