మూడు పిన్నుల ఇల్లు

స్పెయిన్‌లో కాపురం పెట్టిన మొదటి చలికాలంలోనే విల్ఫ్ గార్‌సైడ్ ఇంట్లో ఉన్న సాకెట్లన్నీ ఊడబెరికాడు. అవి రెండు గుండ్రటి చిల్లుల స్పెయిన్ సాకెట్లు. వాటి స్థానంలో ఇంగ్లండు నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన మూడు చదరపు చిల్లులవి బిగించాడు. ఆ వీధిలో సగం ఇళ్ళు ఇంగ్లీషువాళ్ళవే. వాళ్ళందరూ అడాప్టర్లతో సర్దుకుపోయారు. విల్ఫ్‌కి అడాప్టరంటే అసహ్యం.

"అడాప్టరు పెట్టుకున్నవాడు సొంత ఇంట్లో ఉన్నా అద్దెకున్నట్టే," అనేవాడు.

ఇంగ్లండులో, లాంకషైర్‌లో ఉన్న ప్లగ్గుల ఫ్యాక్టరీలోనే అతని ఉద్యోగమంతా గడిచింది. ప్రపంచంలో మరే జాతీ ప్లగ్గు గురించి ఇంత ఆలోచించలేదని అతని నమ్మకం. పొడుగు పిన్ను ముందు లోపలికి పోతుంది, అది పోతేనే మిగతా చిల్లుల మూతలు తెరుచుకుంటాయి. పసివాడు మేకు గుచ్చినా ఏమీ కాదు. ప్రతి ప్లగ్గు కడుపులోనూ దాని ఫ్యూజు దానికే. ఈ సంగతి వీధి చివర ఇంగ్లీషు బారులో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాడు.

"ఒరే విల్ఫ్, వాడు బీరు తాగడానికొచ్చాడు, కరెంటు పెట్టించుకోడానికి కాదు," అనేవాడు ట్రెవర్. లీడ్స్‌లో బస్సు నడిపి రిటైరయ్యి వచ్చిన ట్రెవర్ అతనికి ఉన్న ఒక్క స్నేహితుడు.

ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. అచ్చులు, మిషన్లు అన్నీ పెట్టెలకెక్కి చైనాకి పోయాయి. ఆ పెట్టెలకి మేకులు కొట్టినవాళ్ళలో విల్ఫ్ కూడా ఉన్నాడు. అతని వంటింట్లో కెటిల్ అడుగున, టోస్టరు అడుగున, చివరికి ఆ సాకెట్ల వీపు మీద కూడా చైనా పేరే ఉంది. అతనికది తెలుసు.

"ఎక్కడ చేస్తే ఏం, గీసింది మనవాళ్ళే కదా," అనేవాడు.

"గీసినవాళ్ళు ఎప్పుడో పోయారు. నువ్వు పెట్టెలు కట్టావంతే," అనేది అతని భార్య బెరిల్.

యూరప్ నుంచి ఇంగ్లండు బయటికి రావాలా వద్దా అని ఓటు పెట్టినప్పుడు విల్ఫ్ స్పెయిన్‌లో కూర్చుని, రావాలని పోస్టులో ఓటు పంపాడు. రావాలన్నవాళ్ళే గెలిచారు, దాంతో ఇక్కడే ఉండటానికి కార్డు కోసం పోలీసు ఆఫీసు ముందు ఎండలో నిలబడాల్సి వచ్చింది. ఆ ఎండకి స్పెయిన్‌వాళ్ళనే తిట్టాడు. పక్కన బెరిల్ గొడుగు పట్టుకుని నిలబడింది. అప్పటికే ఆమెకి ఆయాసం మొదలైంది.

ఈ ఏడాది ఆ ఆయాసం ఆమెని ఆస్పత్రిలో పడేసింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. గాల్లోంచి ఆక్సిజన్ తీసే మిషన్ ఇంట్లో పెడతారని, రాత్రీ పగలూ అది నడుస్తూనే ఉండాలని డాక్టరు చెప్పింది. మిషన్ పెట్టిన రోజే బెరిల్‌ని ఇంటికి పంపుతామంది.

మిషన్ పట్టుకుని నెస్తోర్ అనే కుర్రాడు వచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడుతూ పడకగదిలోకి వెళ్ళి గోడ వైపు చూశాడు. హాల్లో చూశాడు. వంటింట్లో చూశాడు.

"సెన్యోర్, మన సాకెట్టు ఎక్కడుంది?"

"అదే సాకెట్టు. నీ దేశంలో ఉన్నవాటికంటే మంచిది."

"మంచిదే కావచ్చు సెన్యోర్. నా మిషన్ పట్టదు."

"అడాప్టరు పెట్టు," అన్నాడు విల్ఫ్. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకే అతనికి ఒళ్ళు మండింది.

"కుదరదండీ. ఇరవై నాలుగ్గంటలూ నడిచేది. అడాప్టరు వేడెక్కుతుంది. నేరుగా గోడకే పెట్టాలని రూలు."

అడాప్టరు వేడెక్కుతుందని ఈ కుర్రాడు పుట్టకముందు నుంచీ చెబుతున్నవాడు విల్ఫ్. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"అయితే ఆ ప్లగ్గు కోసెయ్. మాది వేస్తాను. నిమిషం పని."

"మిషన్ మీది కాదు సెన్యోర్. కోయకూడదు." నెస్తోర్ తీగ చుట్టుకున్నాడు. "ఒక్క సాకెట్టు మార్చండి చాలు. ఫోన్ చేస్తే మళ్ళీ వస్తాను. పాపం, పెద్దావిడ ఎదురుచూస్తుంటారు."

"నా ఇంటి గోడకి ఎన్ని చిల్లులుండాలో నువ్వు చెప్తావా?"

కుర్రాడు మిషన్ మళ్ళీ వ్యానెక్కించుకున్నాడు.

బారులో ట్రెవర్ గ్లాసు కింద పెట్టి విల్ఫ్ మొహంలోకి చూశాడు. "ఒక్క సాకెట్టురా. ఒక్కటి. చేత్తో పట్టుకునే స్క్రూడ్రైవరు చాలు."

"మారుస్తాను. వాడు చెప్పాడని కాదు. నాకు తోచినప్పుడు."

"నీకు తోచేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టుకోవాలా?"

మర్నాడు దుకాణానికి వెళ్ళాలనుకున్నాడు, వెళ్ళలేదు. ఆ మర్నాడు బెరిల్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటోంది.

"ఏమైంది విల్ఫ్? మిషన్ పెట్టారా?"

"వాళ్ళకి రూల్సు ఎక్కువ. మాట్లాడుతున్నాను."

"ఎవరితో?"

బెరిల్ ఫోన్ పెట్టేసింది.

పక్కింటి ఎన్‌కార్నా రోజూ బస్సెక్కి ఆస్పత్రికి వెళ్తోంది. బడిలో వంట చేసి మానేసిన ముసలావిడ, మొగుడు పోయాడు, గొంతు పెద్దది. బెరిల్ సంతలో తిరిగి స్పానిష్ నేర్చుకుంది కనక ఇద్దరికీ మాటలు కలిశాయి. విల్ఫ్‌కి బీరు అడగడం, బిల్లు అడగడం వచ్చు. ఆ రెండూ తప్ప అతను ఎన్‌కార్నాతో ఇన్నేళ్ళలో మాట్లాడిందేమీ లేదు.

వారం తిరక్కుండానే ఆంబులెన్సు వీధిలోకి వచ్చింది. విల్ఫ్ గుమ్మంలోకి పరిగెత్తాడు. ఆంబులెన్సు అతని ఇల్లు దాటి పక్కింటి ముందు ఆగింది. బెరిల్‌ని చక్రాల కుర్చీలో దించి లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి, అక్కడ మిషన్ పెట్టిన నెస్తోర్ బయటికొచ్చి విల్ఫ్‌ని చూసి తలూపి వెళ్ళిపోయాడు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఒకటే గోడ. ఆ గోడలోంచి మిషన్ చప్పుడు వినపడసాగింది.

విల్ఫ్ ఆ పూటే దుకాణానికి వెళ్ళి స్పెయిన్ సాకెట్టు కొన్నాడు. పడకగదిలో మంచం పక్కన బిగించాడు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని పక్కింటికి వెళ్ళాడు.

బెరిల్ వంటింట్లో కుర్చీలో ఉంది. ముక్కుకి గొట్టం. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఎన్‌కార్నా బీన్స్ కాయలు ఒలిచి బెరిల్ ఒళ్ళోని గిన్నెలో వేస్తోంది. విల్ఫ్‌ని చూసి కూడా ఒలవడం ఆపలేదు.

"మార్చేశాను. ఇంటికి పోదాం పద," అన్నాడు విల్ఫ్.

"అన్నీనా?"

"పడకగదిలోది. మంచం పక్కన."

"ఒక్కటేనా?"

"అడిగింది ఒక్కటే కదా."

బెరిల్ గొట్టం సర్దుకుంది. "అయితే నేను ఆ గదిలో పడుకుని ఉండాలి. నువ్వేమో వంటింట్లో నీ ఇంగ్లండుతో కూర్చుంటావు."

"గొట్టం పొడుగ్గానే ఉంటుందే."

"వసారా దాకా వస్తుందా? రేపట్నుంచి ఈవిడ నన్ను పొద్దున పూట వసారాలో కూర్చోబెడుతుందట. అక్కడా సాకెట్టుంది. చూశావా?"

విల్ఫ్ చూడలేదు.

"ఆస్పత్రిలో ఇన్ని రోజులూ నీ ఫోన్ కోసం చూశాను," అంది బెరిల్. గొంతు పెంచలేదు, పెంచడానికి గాలి లేదు. "నర్సు రోజూ అడిగేది, మీ ఆయన ఇల్లు సిద్ధం చేశాడా అని. ఊళ్ళో లేడని అబద్ధం చెప్పాను. నీ ప్లగ్గు సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది విల్ఫ్."

"బెరిల్. అది నా పని. నా జీవితమంతా..."

"తెలుసు. వెళ్ళు."

"ఎప్పుడొస్తావు?"

బెరిల్ ఒక కాయ తీసుకుని తనే ఒలవడం మొదలుపెట్టింది. ఎన్‌కార్నా లేచి విల్ఫ్‌కి, గుమ్మానికి మధ్య ఉన్న కుర్చీ పక్కకి జరిపింది.

అతను ఇంటికొచ్చి కెటిల్ పెట్టుకున్నాడు. నీళ్ళు మరిగి కెటిల్ దానంతటదే ఆగింది. టీ చేసుకోలేదు. మిగతా సాకెట్లన్నీ మార్చడానికి ఒక పూట చాలు, దుకాణం ఇంకా తెరిచే ఉంది. స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

ఎన్‌కార్నా తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. బెరిల్ గౌను, చెప్పులు కావాలని చేతులతో చూపించింది. విల్ఫ్ పడకగదిలో నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. తల తిప్పకుండానే బీరువా వైపు వేలు చూపాడు. ఇందాక బిగించిన స్పెయిన్ సాకెట్టు ఊడి అతని పక్కన పడి ఉంది. గోడలో పాత మూడు చిల్లులదాన్ని మళ్ళీ పెట్టి మరలు బిగిస్తున్నాడు.