గంప దించేంత సేపు

ఇరవై ఆరేళ్లుగా సుంకమ్మ మొగుడి పాదాలు చేలో బోరు గొట్టం పైన ఉన్నాయి, అరికాళ్లు ఆకాశం వైపు. మిగతా మనిషి గొట్టంలో ఉన్నాడు. గొట్టం వెడల్పు జానెడు కూడా లేదు. అయినా ఎర్రిస్వామి అందులో పట్టాడు, పేనిన దారం సూది బెజ్జంలో పట్టినట్టు.

మడమలకు అంటిన బురద ఇంకా తడిగానే ఉంది. అతను పడిన రోజు ఎద్దులకు కుడితి పెట్టి వచ్చినప్పుడు అంటిన బురద అది.

రోజూ పొద్దున్నే సుంకమ్మ గుడ్డ తీసుకుని వెళ్తుంది. అరికాళ్ల మీది దుమ్ము తుడుస్తుంది. బురద ఎండిందేమోనని వేలితో చూస్తుంది. ఎండలేదని తెలుసుకుని ఇంటికొచ్చి పొయ్యి అంటిస్తుంది. ఆ పాదాలు ఏటికేడు ఎర్రబడుతున్నాయి. పెళ్లినాడు పారాణి పెట్టినప్పుడు కూడా అంత ఎర్రగా లేవు.

తుడిచే చెయ్యి ముసలిది కాలేదు. సుంకమ్మకు యాభై మూడేళ్లు, ఆమె కుడిచేతికి ఇరవై ఏడు.

గొట్టం చుట్టుపక్కల చాళ్లు తిన్నగా పోవు, దాని వైపు వంగి తిరుగుతాయి. ఎండ ఎటు కాసినా మేకల నీడలు గొట్టం వైపే పడతాయి. చేను దున్నేది మరిది తిప్పేస్వామి. మొదటి ఏడాదే అతను మనుషుల్ని పెట్టి గొట్టం పక్కన తవ్వించాడు. నలభై అడుగుల లోతున గొట్టానికి చిల్లు పెట్టి చూస్తే లోపల గాలి తప్ప అన్న లేడు. పైన పాదాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అప్పటి నుంచి అతను వంకర చాళ్లలోనే శనక్కాయ విత్తుతున్నాడు.

ఎర్రిస్వామి పడిన పదో రోజున ఊరి ముసలమ్మలు సుంకమ్మను కూర్చోబెట్టి చాలాసేపు ఆలోచించారు. పాదాలు కనబడుతున్న మనిషిని పోయినవాళ్లలో ఎట్లా కలుపుతారు? చివరికి అందరిలోకీ పెద్దదైన గంగులవ్వ తెగేసి చెప్పింది.

"వాడు సగమే గదా పోయింది. గాజులు సగం పగలగొడితే సరిపోతాది."

ఎడమచేతి గాజులు పగలగొట్టారు. బొట్టు సగం తుడిచారు. అది ఇప్పటికీ నెలవంకలాగే ఉంది. పేరంటాలలో ఆమెకు పసుపు ఇస్తారు, కుంకుమ ఇవ్వరు. ముత్తైదువల వరసలోనూ కాకుండా, ఆ వరస బయటా కాకుండా, సుంకమ్మ గడప మీద కూర్చుంటుంది.

పోయిన ఏడాది టౌను కాలేజీ నుంచి షమీమ్ మేడమ్ వచ్చింది. మూడు కాళ్ల మీద పెట్టె ఒకటి నిలబెట్టి, గొట్టం పక్కన మూడు రోజులు కూర్చుంది. తను చెప్పేది పిల్లలకు పాఠాల్లో చెప్పేదేనని, కళ్లతో చూడటం మాత్రం ఇదే మొదలని ఒప్పుకుంది.

"మీ ఆయన కిందికి పడలేదమ్మా. తూర్పు, పడమర, పైన, కింద కాకుండా ఇంకో దిక్కుంది. చీర అంచు మడిచి కుట్టినట్టు సన్నగా చుట్టుకుని ఉంటుంది. ఆయన అటు పడుతున్నారు."

"ఇంకా పడతానే ఉండాడా?"

"దీన్ని మేము కృష్ణబిలం అంటాం. దీని అంచున కాలం దాదాపు ఆగిపోతుంది. మీకు ఇరవై ఐదేళ్లు అయిపోయాయి. ఆయనకు రెప్ప సగం కూడా వాలలేదు."

సుంకమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఎందుకంటే, ఎర్రిస్వామి పడిన రోజు ఏం జరిగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది వందల అడుగులు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాని బోరు అది. సద్ది గంప నెత్తిన పెట్టుకుని ఆమె వచ్చేసరికి ఎర్రిస్వామి గొట్టం మీదికి వంగి ఉన్నాడు. లోపల ఏవో మెరుస్తున్నాయి మే, చెయ్యి పట్టుకో, ఇంకొంచెం వంగుతా, అన్నాడు. చెయ్యి వెనక్కి చాపాడు కూడా. ఉండు, గంప దించనీ, అంది ఆమె. గంప దించి తిరిగి చూస్తే అరికాళ్లున్నాయి.

మర్నాడు పెట్టె సర్దుకుంటున్న మేడమ్‌ను ఆమె ఒక్కటే అడిగింది. "అయితే నేను ఆలీసం చేసినట్టు ఆయప్పకు ఎరకేనా?"

మేడమ్ పెట్టె వైపు చూసింది. "ఆయనకు ఇంకా తెలియదమ్మా. కానీ లోపలికి వెళ్లింది ఏదీ బయటికి రాదు. వెలుగైనా సరే."

ఇప్పుడు తెరిచి ఉన్న బోర్లన్నీ మూయాలని మండలాఫీసు నుంచి చీటీ వచ్చింది. దాన్ని సుంకమ్మే చదువుకుంది. మధ్యాహ్నాల్లో అంగన్‌వాడీలో పెద్దవాళ్లకు చెప్పే అక్షరాలు ఆమె చేతికి వారంలో వచ్చాయి, కళ్లకు మాత్రం ఏడాది పట్టింది. చీటీలో 'ఖాళీ బోర్లు' అని ఉంది. ఇది ఖాళీ కాదని కింద రాసి పంపింది. జవాబుగా ట్రాక్టరులో బండ వచ్చింది.

బండ వెనకే తిప్పేస్వామి నడిచి వస్తున్నాడు. అతని వెనక ముసలమ్మలు, గంగులవ్వ చేతిలో గాజులు పగలగొట్టే రాయి. మిగిలిన సగం కూడా ఈ రోజుతో అయిపోవాలని అందరూ అనుకుని వచ్చారు. సుంకమ్మ కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంటుంది.

"వదినా, మా యన్నకు కర్మ చేయకుండానే నాకు తల నెరిసిపాయ," అంటాడు తిప్పేస్వామి. "ఈ పొద్దుతో చాలిచ్చుదాం."

"చెయ్యి అడిగినాడు తిప్పేసామీ. ఇచ్చేసి వస్తా, మూసుకోండి."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని కుడిచెయ్యి గొట్టంలో పెడుతుంది. చెయ్యి చీలమండ పక్కగా దిగి సన్నబడుతుంది, నవారులా, తాడులా, దారంలా. గాజులు దాంతోపాటు సన్నబడి లోపలికి పోతాయి. మోకాలు తగులుతుంది, నడుము తగులుతుంది, చెవి తగులుతుంది. ఆ చెవి వెచ్చగా ఉంది. ఇంకా కిందికి పోతే గాలిలో చాపిన అరచెయ్యి ఒకటి ఉంది. సుంకమ్మ వేళ్లు దాని మీద ఆనుతాయి.

"గాజులు లోపలికి పాయ," అంటుంది గంగులవ్వ. "ఇంగ యేటివి పగలగొట్టేది?" రాయి చేలో పారేసి ముసలమ్మలు వెనక్కి తిరుగుతారు.

తిప్పేస్వామి తన అన్న పాదాలకు తగలకుండా చుట్టూ రాళ్లు పేర్చి, పైన బండ వేయిస్తాడు. దారమైన ఆమె చెయ్యి తెగకుండా అంచున చిన్న గాడి కొట్టిస్తాడు. బండ పడుతున్నప్పుడు అతను అటు చూడడు.

సుంకమ్మ బండ పక్కనే ఉంటుంది. ఎడమచేత్తో తింటుంది. వానలొస్తాయి, శనక్కాయ పీకుతారు, మళ్లీ విత్తుతారు. మూడో ఏట దారం వెంట ఒక కదలిక వస్తుంది. ఎర్రిస్వామి చూపుడువేలు ఆమె చేతి మీదికి ముడుచుకుంటోంది. ఇంకా నాలుగు వేళ్లున్నాయి.

చాళ్లు ఇప్పుడు మరీ వంగుతున్నాయి. వాటి వెంట గట్లు, గట్ల వెంట ఊరి దారి వంగుతాయి. ఇళ్లు ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగి చూస్తున్నాయి. తిప్పేస్వామి కూడా వాటి మధ్య నిలబడి వంగి చూస్తున్నాడు. బండ కింద ఏదో మెరుస్తోందంటాడు.

అందరి వెనక ఉన్న కొండ చివరగా వంగుతుంది. వంగి, లోపలికి చూస్తూ, వెనక్కి చెయ్యి చాపుతుంది.

సుంకమ్మ నెత్తిన ఈసారి గంప లేదు. ముసలిదైన ఎడమచెయ్యి ఎత్తి కొండకు అందిస్తుంది.