దేవేందర్ కండువా

మొగిలవ్వ కత్తెర పక్కన పెట్టింది. బొటనవేలికి అంటిన తంబాకును చీరకొంగుకు తుడుచుకుని, ఫోన్లో మైకు గుర్తును నొక్కి పట్టింది. చదువు రాదు కాబట్టి వాట్సాప్‌లో ఆమెకు తెలిసిన విద్య అదొక్కటే.

"అన్నలు, అక్కలు, నమస్తే. నేను కోరుట్ల మొగిలవ్వను. ఇయ్యాల సిరిసిల్ల మీటింగుకు అందరు రావాలె. మన దేవేందర్ పార్టీ మారుతుండని ఎవలో రాస్తున్నరట. వాడు నా కండ్ల ముంగట పెరిగిండు, గసొంటోడు గాదు. నాది జిమ్మ, నాది పూచీ."

మళ్లీ కత్తెర అందుకుంది. తడిపిన తునికాకు మీద కొలత రేకు ఆనించడం, చుట్టూ కత్తిరించడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం. బక్క మనిషి, ఎప్పుడూ ఒక దగ్గు. బీడీ మూతి నొక్కీ నొక్కీ బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. పార్టీ గ్రూపులోని పిల్లలు ఆమె మాటలకు బొమ్మలు కలిపి రీళ్లు చేస్తారు. జగిత్యాల దాకా ఆ గొంతు అందరికీ తెలుసు, మనిషిని చూసినవాళ్లే తక్కువ.

భర్త కొమురెల్లి కల్లు గీసేవాడు, పార్టీకి జెండాలు మోసేవాడు. తాటిచెట్టు మీంచి పడి చనిపోయిననాడు చుట్టాలింకా రాకముందే శవం మీద పార్టీ జెండా కప్పి, పాడె పట్టినవాడు దేవేందర్. మరి అలాంటివాణ్ణి ఎవరేమన్నా ఆమె ఊరుకుంటుందా?

మొన్నామధ్య అన్నం తిని పోతూ అతను మంచం మీద కండువా మరిచిపోయాడు. దాన్ని ఉతికి, చెంబులో వేడినీళ్లు పోసి ఇస్త్రీ చేసి, మేకుకు తగిలించింది. ఈ పూట కారులో వచ్చి తీసుకుపోతానన్నాడు, కండువానూ ఆమెనూ.

"కారు ఇంకా రాకపాయె మొగిలక్కా," అంది పక్కన బీడీలు చుడుతున్న బద్రున్నీసా. "మీ లీడరు మేకప్ చేసుకుంటుండా ఏంది?"

"నువ్వు నీ ఆకు జూస్కో."

ఫోన్ మోగింది. గ్రూపులో ఒక ఫోటో పడింది. జగిత్యాలలో ఏదో హాలు, నవ్వుతున్న దేవేందర్. కింద రాసింది చదవబోయింది బద్రున్నీసా.

"సదువకు," అంది మొగిలవ్వ. "మెడల కొత్త కండువ రంగు కనవడుతనే ఉంది."

కాసేపటికి ఫోటో కింద సన్నని గీతలాంటి అక్షరాలు వచ్చాయి. ఎవరైనా గ్రూపు వదిలిపోతే అవే వస్తాయి. పార్టీ ఎన్నికల్లో ఓడిపోయినప్పటి నుంచి చూసీ చూసీ ఆమెకు గుర్తే. తర్వాత ఎవరూ ఏమీ పెట్టలేదు. అందరూ ఆమె మాట కోసమే ఆగినట్టున్నారు.

చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది. వేలు తుడుచుకుంది.

"అన్నలు, అక్కలు. పొద్దుగాల నాది జిమ్మ అన్న. తప్పయింది. వాడు పోయిండు. వాన్ని తిట్టకుర్రి, నా పెనిమిటి పాడె మోసిండు. నేను బస్సుకు అస్తున్న. ఎవలెవలు అస్తరో సెప్పుర్రి."

బద్రున్నీసా మూతి తిప్పింది. "సర్కారోళ్లిచ్చిన ఫ్రీ బస్సెక్కి వాళ్లనే తిట్టబోతవా?"

"కండక్టరు ఆధార్ జూస్తడు, కండువ జూడడు."

రంగు వెలిసిన తన కండువా మెడలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. ఎండ వాకిలి దాటి లోపలికొస్తోంది.

"ఆకు ఎండిపోతుందక్కా. తడిబట్ట సాలుతలేదు. గా మేకుకున్నది తడిపి కప్పనా?"

మొగిలవ్వ గుమ్మంలో ఆగింది. "వద్దు. గోనెసంచి కప్పు."

ఆమె వీధి మలుపు తిరిగింది. గోడ మీది మేకుకు దేవేందర్ కండువా, చెంబు అడుగుతో తీర్చిన మడత చెదరకుండా, అట్లాగే వేలాడుతోంది.