మట్టి సంఘం పుస్తకం

లైబ్రరీలో తాళం వేసి ఉంచే గదిలోని కాగితాలు చూడాలంటే ముందు రిజిస్టరులో రాయాలి. పేరు, ఊరు, ఏ పెట్టె కావాలి, ఎన్ని గంటలకు వచ్చారు. వెర్డెల్ ప్యూ తన పేరు సగం రాసి ఆగిపోయింది. పై వరసలో ఉన్న రాత ఆమెకు తెలుసు. అక్షరాలు కంచె గుంజల్లా నిటారుగా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి.

హోజియా టర్నిప్‌సీడ్. మౌంట్ నీబో. తొమ్మిదో పెట్టె.

ఇరవై రోజుల కిందటి తేదీ. ఆ తర్వాత ఎనిమిదో రోజున హోజియా ట్రక్కు ఏటి వంతెన పక్కన కనిపించింది. తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. టోపీ సీటు మీద ఉంది. మనిషి లేడు. తాగి ఏట్లో పడ్డాడని షెరీఫ్ తేల్చేశాడు. హోజియా మౌంట్ నీబో చర్చిలో డీకన్, పాస్టరు తర్వాతి పెద్ద. పుట్టి బుద్ధెరిగాక సారా వాసన కూడా ఎరగడు.

"ఏం వెర్డెల్, పేరు రాయడం మర్చిపోయావా?" అంది బల్ల అవతల నుంచి మిస్ క్రోలీ. "ముప్ఫయ్యేళ్లు పిల్లలకి రాయడం నేర్పానంటావుగా."

"నేర్పానమ్మా. పెన్సిల్ ముక్కు అరిగింది."

మిగతా సగం రాసింది. ఆమె వయసు డెబ్బై. మిస్ క్రోలీకి నలభై దాటవు. ఆ ఊళ్లో నువ్వు, మీరు అనేవి వయసును బట్టి రావు.

లైబ్రరీ ముందు తలుపు నల్లవాళ్లకు తెరిచి ఏడేళ్లయింది. కార్డుల సొరుగులు మాత్రం పాతవే. తన వాళ్ల సంగతి వెతకాలంటే తన వాళ్ల పేరు కింద వెతకకూడదని వెర్డెల్ మొదటి రోజే కనిపెట్టింది. ఆ సొరుగులో నాలుగు కార్డులు, ఒక చచ్చిన ఈగ ఉన్నాయి. ఎవరి పొలంలో చెమటోడ్చారో ఆ దొరల పేరు కింద వెతకాలి. అలా వెతికితేనే బాస్కిన్ కుటుంబం కాగితాల్లో తొమ్మిదో పెట్టె దొరికింది. అందులోనే, చందాలేసుకుని చనిపోయిన వాళ్లను మట్టి చేసే మౌంట్ నీబో మట్టి సంఘం పుస్తకం ఉంది. గాలివానకు చర్చి కప్పు ఎగిరిపోయిన ఏడు, తడిసిపోతుందని పాస్టరు దాన్ని ఇక్కడ దాచమని ఇచ్చాడు.

ఆ పుస్తకం రేపటికి కావాలి. చర్చి వెనక గుట్టను కంకర కంపెనీ కొనుక్కుంది. రేపు పది గంటలకు కోర్టు హాల్లో విచారణ. గుట్ట మీద సమాధులున్నాయని ఆలోగా రుజువు చూపకపోతే ఎల్లుండి యంత్రాలు దిగుతాయి. సర్వే పటంలో ఆ చోట 'పగిలిన పింగాణీ, చెత్త కుప్ప' అని రాసి ఉంది.

అది చెత్త కాదు. మనిషి ఆఖరున తాగిన కప్పు, తిన్న గిన్నె, అడుగు పగలగొట్టి ఆ మనిషి మీద బోర్లించేవాళ్లు. రాయి కొనే స్తోమత ఎవరికుంది? గిన్నే పేరు, గిన్నే గుర్తు. వెర్డెల్ తల్లి మీద నీలం అంచు గిన్నె ఉండేది.

ఉండేది. పన్నెండేళ్ల కిందట చర్చి వందేళ్ల పండగకు అట్లాంటా నుంచి, షికాగో నుంచి చుట్టాలు వస్తున్నారంటే, ఈ పగిలిన పెంకులు చూసి మనల్ని అడవి మనుషులనుకుంటారని సిగ్గుపడింది ఎవరు? చదువుకున్న వెర్డెల్. గోనె సంచులతో గుట్ట ఎక్కి అన్నీ ఏరించి చర్చి పక్కన ఎండిపోయిన బావిలో పోయించింది. ఆ రోజు హోజియా టోపీ చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాటే అన్నాడు: "అక్కా, ఏది ఎవరిదో రాసుకున్నావా?"

రాసుకోలేదు. పటం గీసినవాడు బావి అంచున మిగిలిన పెంకులు, గుట్ట మీద మిగిలిన పెంకులు చూసి చెత్త అన్నాడు. తప్పు వాడొక్కడిదీ కాదు.

మిస్ క్రోలీ పెట్టె తెచ్చింది. ఒక తెల్ల కాగితం ఇచ్చింది. "సొంత కాగితాలు, పుస్తకాలు లోపలికి తేకూడదు. ఈ ఒక్క కాగితం మీదే రాసుకోవాలి. వెళ్లేటప్పుడు నాకు చూపించాలి. ఆ విసనకర్ర ఎందుకు?"

"ఉక్కగా ఉందమ్మా."

చర్చిలో అందరి దగ్గరా ఉండే అట్ట విసనకర్రే అది, శవపేటికల దుకాణం వాడు పంచి పెట్టింది. మిస్ క్రోలీ తలూపి వెళ్లింది.

వెర్డెల్ పుస్తకం తెరిచింది. చందాలు, సభ్యుల పేర్లు, రోగుల దగ్గర ఎవరు కూర్చోవాలో వంతులు. ఆ తర్వాత చనిపోయిన వాళ్ల పేర్లు రావాలి. రాలేదు. కుట్టు దగ్గర తొమ్మిది కాగితాల మొదళ్లు మాత్రం ఉన్నాయి, తిన్నగా, బ్లేడుతో కోసినట్టు. హోజియా కోయడు. హోజియా తర్వాత రిజిస్టరులో ఇంకో పేరు లేదు. సంతకం అక్కర్లేని వాళ్లెవరో చూసి వెళ్లారన్న మాట.

మిస్ క్రోలీ గోడకున్న ఫోను దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. గొంతు తగ్గించి అన్నా ఆ గదిలో వినపడకుండా పోదు.

"ఇంకొకరు వచ్చారు. అదే పెట్టె."

వెర్డెల్ కాసేపు కళ్లు మూసుకుంది. సంఘం కార్యదర్శి ఆమె మేనత్త. వంటింటి బల్ల మీద రాసేది. కాగితం కరువు రోజులు. ముందు నుంచి బతికున్న వాళ్ల లెక్క, ఆ తర్వాత పోయిన వాళ్ల పేర్లు. అంతటితో ఆగేది కాదు. పుస్తకాన్ని తిరగేసి, తలకిందులు చేసి, వెనక నుంచి ఇంకోటి రాసేది. పక్కన కూర్చుని సిరాబుడ్డి పట్టుకున్న పిల్ల వెర్డెలే.

పుస్తకాన్ని బోర్లించి వెనక అట్ట తెరిచింది.

అక్కడ ఉన్నాయి. సిరా తుప్పు రంగుకు తిరిగింది కానీ అక్షరం చెదరలేదు. 'మూడో దేవదారు నుంచి తూర్పుకు ఏడడుగులు. లవీ ప్యూ. నీలం అంచు గిన్నె.' 'అక్కడి నుంచి నాలుగడుగులు. సైలస్ టర్నిప్‌సీడ్. పిడి విరిగిన కప్పు.' మొత్తం నలభై ఒక్కరు. కోసినవాడికి పుస్తకం ఒక వైపు నుంచే చదవడం తెలుసు.

తెల్ల కాగితం మీద సంఘం అధ్యక్షుల పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. విసనకర్ర వెనక, శవపేటికల ప్రకటన వరసల మధ్య, చీమల్లాంటి అక్షరాలతో అసలుది రాసింది. మధ్యమధ్య విసురుకుంది.

ముప్ఫై తొమ్మిదో పేరు దగ్గర ఎదుటి కుర్చీ కిర్రుమంది. టోపీ తీయని మనిషి ఒకడు కూర్చున్నాడు. చేతిలో పుస్తకం లేదు. బూట్ల అంచున తెల్లటి కంకర దుమ్ము ఉంది. ఆమె పుస్తకాన్ని మామూలుగా తిప్పి ముందు వైపు తెరిచి పెట్టింది.

"ఏం చదువుతున్నావు అత్తా?" ఆ ఊళ్లో తెల్లవాళ్లు నల్ల ముసలమ్మలను పిలిచే పిలుపది.

"పాత చందాలండి."

"హోజియాకి నువ్వేమవుతావు?"

"వరసకి అక్కనండి."

"నీతో ఏమన్నా చెప్పాడా?"

"వాడు మాట్లాడితే వర్షం పడుతుందనేవారండి మా వాళ్లు. ఏడాదికి రెండు సార్లు."

అతను నవ్వలేదు. పుస్తకం తన వైపు లాక్కుని కోసిన చోట వేలితో తడిమాడు. "పాపం, ఎలకలు కొట్టేశాయి."

"ఈ ఊరి ఎలకలు చదువుకున్నవండి. తిన్నగా కొరుకుతాయి."

అనేశాక నాలుక కరుచుకుంది. అతను ఆమెను మొదటిసారి ముఖంలోకి చూశాడు. తెల్ల కాగితం తీసుకుని చదివి, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. మిస్ క్రోలీ కిటికీలోంచి బయటకు చూస్తోంది.

"ఎండ ఎక్కువగా ఉంది. ఇంటికెళ్లి పడుకో అత్తా."

"అలాగేనండి," అని విసురుకుంటూ లేచింది. పుస్తకం తిప్పే ముందు కంటపడ్డ చివరి రెండు పేర్లూ మనసులో వల్లె వేసుకుంది.

మౌంట్ నీబో మలుపులో బస్సు దిగి ఎర్రమట్టి దారిన నడిచింది. వెనక చాలా దూరంలో ఒక ట్రక్కు ఆమె నడకంత నెమ్మదిగా వస్తోంది. తిరిగి చూడలేదు.

గుట్ట మీద దేవదార్లు నరికేశారు. మొదళ్లు మాత్రం మిగిలాయి. మూడో మొదలు దగ్గర మడమ ఆనించి తూర్పుకు ఏడడుగులు వేసింది.

నీలం అంచు గిన్నె అక్కడ బోర్లించి ఉంది.

కడిగిన గిన్నె. అడుగున పాత చిల్లు. కింద మట్టి కొత్తగా అణిచి ఉంది. నాలుగడుగుల అవతల పిడి విరిగిన కప్పు. ఆ పక్కన ఇంకో రెండు. అంతే. ఐదో చోట ఏమీ లేదు. హోజియా కూడా పుస్తకాన్ని తిరగేసి చదివాడన్న మాట. ఆమె పారేసిన వాటిని ఒక్కొక్కటే బావిలోంచి తీసి, అడుగులు కొలిచి, ఎవరిది వాళ్లకు పెడుతూ వచ్చాడు. ఆమెతో ఒక్క మాట అనలేదు.

బావి వైపు నడిచింది. రెండు నిలువుల లోతు బావి. ఇప్పుడు అంచు దాకా నిండి ఉంది. తెల్లటి, కొత్త కంకర. పాడుబావి వైపు ఎవరూ పోరు కనుక ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. ఒరను ఆనుకుని హోజియా తాడు, బాల్చీ. తాడు ఒక కొన కంకర కిందకు పోయి ఉంది. పట్టుకుని లాగింది. రాలేదు.

ట్రక్కు చర్చి గేటు ముందు ఆగింది. ఇంజను ఆపలేదు.

వెర్డెల్ చర్చి వసారాలోకి వెళ్లి గంట తాడు పట్టుకుంది. ఒకటి కొట్టి, ఊపిరి తీసుకునేంత ఆగి, ఇంకోటి కొట్టింది.

"ఏంటా గోల అత్తా?" ట్రక్కులోంచి టోపీ మనిషి అరిచాడు.

"ప్రార్థన గంటండి."

ప్రార్థనకు గబగబా కొడతారు. ఇలా ఆగి ఆగి కొట్టేది మనిషి పోయినప్పుడు, ఎన్నేళ్లు బతికితే అన్ని దెబ్బలు. చుట్టూ మైలు దూరంలో బట్టలుతికే వాళ్లు, మళ్లలో వాళ్లు, రంపపు మిల్లు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న వాళ్లు, అందరూ చేతిలో పని ఆపి లెక్కపెట్టడం మొదలుపెట్టి ఉంటారు. ఇరవై దగ్గర మొదటి మనిషి గేటు దాటాడు. నలభై దగ్గర పాతిక మంది అయ్యారు. అరవై దాటాక మగవాళ్లు టోపీలు తీశారు. భుజాలు పీకేస్తున్నా ఆమె ఆపలేదు. అరవై ఏడు, హోజియా వయసు. ఆగింది.

ఎవరూ పేరు అనలేదు. హోజియా భార్య ఓజెల్లా గుంపులోంచి ముందుకొచ్చింది. పన్నెండు రోజులుగా రెండు పూటలా అతనికి కంచం పెట్టి, మూత వేసి, తీస్తున్న మనిషి.

"వదినా, ఎవరు చెప్పారు నీకు?"

"బావి చెప్పిందమ్మా."

ఓజెల్లా బావిని చూసింది. కంకరను చూసింది. గేటు దగ్గర ట్రక్కును చూసింది.

"నేను చెప్పలేదూ? మా ఆయనకి ఈతొచ్చని చెప్పలేదూ ఆ షెరీఫ్‌కి? ఏట్లో ఎందుకు పడతాడు?" అంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచింది. ఆపబోయిన ఆడవాళ్ల చేతులు విదిలించుకుంది.

వెర్డెల్ విసనకర్ర పక్క మనిషికిచ్చింది. "మీ వాళ్ల వరస ఏదో చూసుకోండి. బట్టీ పట్టి అవతలి వాళ్లకి ఇవ్వండి. రేపు పదికి నా దగ్గర ఇది ఉంటుందో ఉండదో."

విసనకర్ర చేతులు మారింది. చదువు రాని వాళ్లకు పక్కవాళ్లు చెవిలో చదివారు. 'తూర్పుకు ఏడడుగులు.' 'అక్కడి నుంచి నాలుగు.' గుసగుస గుంపంతా పాకింది. మగవాళ్లు పారలు తెచ్చారు. గేటు దగ్గర రెండో ట్రక్కు వచ్చి ఆగింది. అందులోంచీ ఎవరూ దిగలేదు. పారలు ఆగలేదు.

నడుం లోతు తవ్వాక ఒకతని పార మెత్తగా దేనికో తగిలింది. అతను పార పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ పార ముట్టలేదు. కంకర దోసిళ్లతో తీశారు.

ఓజెల్లా తిరిగొచ్చింది. చేతిలో హోజియా కాఫీ కప్పు ఉంది, అడుగున ఎండిపోయిన చారతో. పన్నెండు రోజులుగా కడగలేదు. వంగి ఒర రాయికేసి కప్పు అడుగు ఒక్క దెబ్బతో పగలగొట్టింది.

"వదినా," అంది, "ఎన్ని అడుగులో రాసుకో."