మ్యాపులో సెలూను

ఎదురుగా అద్దాల సెలూను వెలిసినప్పటి నుంచి, స్టైలన్న షాపులో కుర్చీ ఎక్కేది స్టైలన్న ఒక్కడే. ఈ నెల కూడా ఇలాగే ఉంటే షాపు మూసేసి, సిగ్గు విడిచి ఆ అద్దాల వాడి దగ్గరే పనికి చేరాలి. తండ్రి పెట్టిన షాపు అది. ఆ తండ్రినే "నీకు స్టైలు తెలీదు నాన్నా" అని ఇంట్లో కూర్చోబెట్టిన ఘనుడు తను.

సెలవు రోజున ఇంట్లో మంచం మీద కాళ్లు బార్లా చాపి, ఫోను మ్యాపులో సెలూను పేరు ఎక్కించాడు. "రేపు తలమర్దన ఉచితం" అని కూడా తగిలించాడు. సెలూను ఉన్నది మీరిప్పుడు ఉన్న చోటేనా అని ఫోను అడిగితే, చదవకుండానే అవునని నొక్కేశాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"రేపు కస్టమర్లు ఫోన్లు చేస్తారు. నువ్వు చేసి లైను అడ్డుకోకు" అని భార్యకు హుకుం కూడా జారీ చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఈగ కూడా వాలలేదు. భార్య ఫోను మాత్రం మోగుతూనే ఉంది. విసుక్కుంటూ కట్ చేశాడు.

"ఈ టెక్నాలజీ అంతా బోగస్" అని పక్కనున్న చెప్పుల కొట్టాయన దగ్గర వాపోయాడు.

ఆయన తన ఫోను మ్యాపులో సెలూను పేరు వెతికి చూసి, "బోగస్ ఏంటన్నా, జనం నిన్ను తెగ మెచ్చుకుంటుంటే! పెద్దాయన మర్దన చేస్తుంటే నిద్ర పట్టేసిందట. ఇంతకీ ఆ పెద్దాయన ఎవరు?" అన్నాడు.

స్టైలన్న ఆ ఫోను లాక్కుని చూశాడు. షాపుకి తాళం వేయడం కూడా మరిచి ఇంటికి పరిగెత్తాడు.

వాకిట్లో, భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో ఎవరో కళ్లు మూసుకుని ఉన్నారు. నాన్న చేతులు ఆ తలమీద హాయిగా తిరుగుతున్నాయి. మెట్ల మీద ఇంకో నలుగురు. భార్య చూసిన చూపుకి మాటలు అక్కర్లేదు.

స్టైలన్నకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నాన్నా, రేపట్నుంచి షాపుకి రావా?"

"నాకు స్టైలు తెలీదుగా."

స్టైలన్న తల దించుకున్నాడు. మెడ వెనక గుబురుగా పెరిగిన జుట్టు నాన్న కంటపడింది.

"నన్ను ఇంట్లో కూర్చోబెట్టాక నీ జుట్టు ముట్టినవాడే లేడన్నమాట. వెళ్లి ఆ మెట్ల మీద కూర్చో. వీళ్లందరివీ అయ్యాక నీది చూస్తాను."

స్టైలన్న వెళ్లి ఆఖరి మనిషి వెనకాల కూర్చున్నాడు.